పసుపు బొట్టు మేకులు

సూరిబాబు నవ్వాడు. నవ్వగానే అతని పెదవుల మధ్య ఉన్న నాలుగు రాగి మేకులు మూడయ్యాయి.

ఎవరూ కంగారు పడలేదు. పక్కనున్న వీరన్న సుత్తి కింద పెట్టి, "ఇయ్యాల బోణీ నీదేరా" అన్నాడు. సూరిబాబు రెండుసార్లు దగ్గి, కళ్ళు తుడుచుకుని, మిగిలిన మూడు మేకులనూ అరచేతిలోకి ఊసుకున్నాడు. పాకలో గుంజకి తగిలించి ఉన్న ఊపిరిపెట్టె దగ్గరికి తనంతట తానే నడిచి వెళ్ళి, చొక్కా విప్పి, ముక్కాలి పీట మీద కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. క్షవరానికి కూర్చున్నవాడు కూడా అంతకంటే తాపీగా ఉండడు.

"బయటి వస్తువు ఉంది. కుడి ఊపిరితిత్తి, కింది భాగం. తొమ్మిది నిమిషాలు" అంది పెట్టె.

పెట్టెలోంచి ఒక మత్తుబిళ్ళ వచ్చి పక్కటెముకల సందులో అంటుకుంది. దాని మధ్య నుంచి ఎదతీగ లోపలికి దిగింది. అది తలవెంట్రుక కంటే కాస్త లావుగా ఉంటుంది, కొసన ఒక కన్ను, కన్ను కింద మొగ్గలా ముడుచుకున్న నాలుగు రేకులు ఉంటాయి. ముందు ఆ పక్క ఊపిరితిత్తిని కాసేపు పడుకోబెడుతుంది. తరవాత మేకు ఎక్కడుందో చూసుకుని, దాని చుట్టూ రేకులు విప్పి, మొనను కప్పి, వచ్చిన దారినే బయటికి తెస్తుంది. వెనక్కి వస్తూ తను చేసిన గాయాలన్నింటికీ జిగురు పూసి మూసేస్తుంది. తొమ్మిదో నిమిషం దాటకుండా మేకు పళ్ళెంలో టింగుమని పడింది. సూరిబాబు ఎద మీద మిగిలింది దోమకాటంత మచ్చ. ఈలోగా అతను వీరన్న ఇచ్చిన బెల్లం జీళ్ళు సగం తిన్నాడు కూడాను.

ఇదంతా చూస్తున్న డాక్టర్ వకుళకి గర్వపడాలో విసుక్కోవాలో తెలియలేదు. కాకినాడలో ఛాతీ శస్త్రచికిత్సలు చేసే డాక్టరు ఆమె. పాతికేళ్ళ కిందట ఎదతీగకి మనిషి లోపల నడక నేర్పినవాళ్ళలో ఒకతె. అంతకుముందు ఊపిరితిత్తిలో ఏదైనా పడితే నోట్లోంచి గొట్టం వేసి తీసేవారు. అందకపోతే పక్కటెముకలు విడదీసి కొయ్యడమే. మనిషి బతికితే నెలరోజులు మంచం. ఇప్పుడు బడిలో, పెళ్ళిమంటపంలో, రేవులో, ఎక్కడ చూసినా గోడకి ఒక ఊపిరిపెట్టె ఉంటుంది. దాంతో జనానికి భయం పోయింది. పది నెలల పిల్లల చేతికి వేయించిన శనగలు ఇస్తున్నారు. దర్జీలు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని పాటలు పాడుతున్నారు. అయినా నష్టమేమీ జరగడం లేదు, పెట్టె ఉంది కదా.

కానీ కోరింగ పాయ ఒడ్డున ఉన్న ఈ పడవల యార్డులో కిందటి ఏడాది పెట్టె రెండువందల ముప్ఫయ్యొక్కసార్లు పనిచేసింది. జిల్లాలో మిగతా యార్డులన్నీ కలిపినా అంత లేదు. తప్పు పెట్టెదో మనుషులదో చూసి రమ్మని ఆరోగ్యశాఖవాళ్ళు వకుళని పంపారు. తప్పు పెట్టెది కాదని ఆమెకి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది.

ప్లాస్టిక్ పడవలు నీళ్ళలో దించకూడదని చట్టం వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. అప్పట్నుంచి మళ్ళీ కర్ర పడవలే. మేకులు దింపే యంత్రాలు లేకపోలేదు, కానీ పలక వంపు తిరిగే చోట యంత్రం వేసిన మేకు పక్కకి పోతుంది. అక్కడ మనిషే కావాలి. ఒక చెయ్యి పలకని అదిమి పట్టాలి, రెండో చెయ్యి సుత్తి ఎత్తాలి. మేకులు పట్టుకోవడానికి ఇక మిగిలింది నోరే.

"నోట్లో మేకులున్నప్పుడు మాట్లాడకుండా ఉండలేరా?" అని అడిగింది వకుళ.

"ఒకప్పుడు ఉండేవోళ్ళమండి" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. యార్డు పెద్దమేస్త్రి సంగాడి భైరవమూర్తి. డెబ్బయ్యారేళ్ళు. "మా తాతల నాటి కట్టుబాటది. మేకులు కొట్టే పూట మూగ పూట అనేవోరు. నోట్లో మేకున్నోడిని పిలవకూడదు. ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యెత్తాల. టీ తెచ్చినోడైనా అంతే, చావు కబురు తెచ్చినోడైనా అంతే."

"ఎందుకు మానేశారు?"

మేస్త్రి గుంజకున్న పెట్టె వైపు చూశాడు. "జిల్లాలో ఈ పెట్టి మొట్టమొదట అడిగి తెచ్చుకున్నది నేనేనండి" అన్నాడు. "నాకు పదిహేడేళ్ళప్పుడు మా తమ్ముడు అప్పలసామి నా పక్కన మేకులు కొడతన్నాడు. మూగ పూట. నేనుండబట్టలేక మా నాన్న నడకని అనుకరించేను. ఆడు నవ్వేడు. కాకినాడ తీసుకెళ్ళేలోగా అయిపోయిందండి. పదిహేనేళ్ళోడు."

వకుళ పెట్టె పక్కనున్న ముక్కాలి పీట ఆయన వైపు జరిపింది.

"ఆ తరవాత ముప్ఫయ్యెనిమిదేళ్ళు ఈ యార్డులో ఆ పూట ఎవడూ నవ్వలేదు. పెట్టి వచ్చింది. మొదట్లో ఒకడు నవ్వేడు, మేకు మింగేడు, పెట్టి తీసేసింది. ఆడు లేచొచ్చి మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు. ఆ రోజు నేను ఇంటికెళ్ళి ఏడ్చేనండి, సంతోషంతోనే. ఇంక మూగ పూటెందుకు? నవ్వుకోనీ అనుకున్నాను. ఈళ్ళు నవ్వుతుంటే నాకు బాగుంటాదండి." అలా చెబుతూ ఆయన సిగ్గుపడ్డాడు.

ఈలోగా సూరిబాబు తన ఎదలోంచి వచ్చిన మేకుని కడిగి, తలకి పసుపు రాసి, తను ఇందాక వదిలేసిన చోటే పలకలోకి దింపాడు. ఎద చూసొచ్చిన మేకు పడవని కాపాడుతుందని వాళ్ళ నమ్మకం. నీళ్ళు దిగకుండా పూసే గుగ్గిలం కూడా ఆ మేకు తల మీద పూయరు. పడవ నీళ్ళలో దిగే రోజున అలాంటి మేకులన్నిటికీ కొత్తగా పసుపు బొట్టు పెట్టాలి.

ఆ పని ఆ పక్కనే జరుగుతోంది. పూర్తయిన పెద్ద పడవ 'చిన్నతల్లి' చక్రాల మీద నిలబడి ఉంది. మధ్యాహ్నం పోటుకి దాన్ని పాయలోకి దించుతారు, అక్కడ్నుంచి నేరుగా సముద్రం మీదికే. దాన్ని నడిపే సరంగు, మేస్త్రి కూతురే, నూకరత్నం. ఇరవయ్యెనిమిదేళ్ళది. చేతిలో పసుపు గిన్నెతో పడవ చుట్టూ తిరుగుతూ బొట్లు పెడుతోంది. ఆమెతో వెళ్ళే ఐదుగురూ అప్పటికే వలలు సర్దేస్తున్నారు.

వకుళ దగ్గరికి వెళ్ళి చూసింది. పడవ ముక్కు కింద వంపులో బొట్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక పలక మీదైతే ఏడు.

"ఈ పలక కొట్టిన రోజు మా వీరన్న తన పెళ్ళిచూపుల కథ సెప్పేడండి" అంది నూకరత్నం నవ్వుతూ. అంతలోనే ఆ నవ్వు తగ్గింది. "ఎంత రక్షన్నా ఒక్కోసారి పనిచెయ్యదండి. మొన్న వానాకాలంలో మా యార్డు పడవలే రెండు నడిసముద్రంలో తెరుచుకున్నాయి. ఒకదాంట్లో ముగ్గురు పోయారు. కొట్టుకొచ్చిన పలక నేనే తీసేను. దాన్నిండా ఇలాంటి బొట్లే. అమ్మవారికి ఏం కోపం వచ్చిందో మరి."

"అమ్మవారేంటే, టేకు" అన్నాడు మేస్త్రి. "తోటల్లో తొందరగా పెంచిన పచ్చి టేకు. అది పగలక ఏం సేస్తాది?"

జబ్బుని చూసి కారణం వెతకడం వకుళకి అలవాటు. పసుపు రాసిన మేకు మిగతా మేకుల్లాంటిదే, దానికే పాపమూ తెలియదు. బొట్టు ఉందంటే ఆ క్షణాన అక్కడ ఎవరో నవ్వారని అర్థం. బొట్లు గుంపుగా ఉన్నాయంటే అక్కడ ఆ పూటంతా నవ్వులే. తెరుచుకున్న పడవలు నవ్విన చోటే తెరుచుకున్నాయి.

"మేస్త్రి గారూ, మూగ పూట ఎందుకు పెట్టారు?"

"సెప్పేనుగదండి. మేకు లోపలికి పోకుండా."

"అందుకేనా? మాట్లాడకుండా ఉన్నప్పుడు ఇంకేం చేసేవారు?"

"ఏం సేస్తామండి, కొట్టుకోడమే. కొట్టుకుంటా..." అని ఆయన ఆగిపోయాడు. నోరు కొంచెం తెరుచుకునే ఉంది. తరవాత వీరన్న చేతిలోంచి సుత్తి తీసుకుని, చిన్నతల్లి ముక్కు కిందికి వంగి, ఏడు బొట్ల పలక మీద ఒక మేకుని మెల్లగా తట్టాడు. దాని పక్కదాన్ని తట్టాడు. మూడోది తట్టి చెవి పలకకి ఆనించాడు.

"ఈ మేకు ఊడదీయండ్రా" అన్నాడు.

తీశాక ఆ బెజ్జంలోకి ఎదతీగ పంపవచ్చునా అని వకుళని అడిగాడు. ఆమె బండిలోంచి ఇంకో పెట్టె తెచ్చింది. తీగ కర్రలోకి దిగింది. "రోగి ఊపిరి తీసుకోవడం లేదు, వెంటనే ఆసుపత్రికి తరలించండి" అని పెట్టె గోల పెట్టింది. ఎవరూ నవ్వలేదు. తెర మీద టేకు లోపలి నారలు కనిపిస్తున్నాయి. వాటి మధ్య మేకు దిగిన దారి నుంచి పైకీ కిందికీ మూడేసి వేళ్ళ పొడవున పగులు ఉంది. పలక పైభాగాన్ని గుగ్గిలం కప్పేసింది కాబట్టి కంటికి తెలియదు. పక్క మేకు తీసి చూశారు, అక్కడా పగులే. రెండు పగుళ్ళూ కలుసుకోవడానికి మిగిలింది బెత్తెడు కర్ర.

"నీళ్ళు పోసి రెండ్రోజులు సూశాంగా నాన్నా. సుక్క కారలేదు" అంది నూకరత్నం.

"నిలబడ్డ పడవ కారదమ్మా. కెరటం మీద పక్కలు ఊగినప్పుడు తెరుచుకుంటాది. మూడో నెలో, నాలుగో నెలో."

"సామాను ఎక్కించేశాం. పోటు రెండు గంటల్లో వచ్చేస్తాది. అందరికీ కబురెట్టేం. ఇప్పుడు వద్దంటే ఎలా నాన్నా? రెండు పలకలు మార్చేసి..."

"ఈ పడవ నువ్వెక్కవు" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు పెద్దది కాలేదు, కానీ సుత్తిని ఆ పలకకి అడ్డంగా ఆనించాడు. నూకరత్నం ఆ సుత్తి వంక చూసింది. పసుపు గిన్నె కింద పెట్టేసి, వలలు దింపమని తనవాళ్ళకి చెప్పడానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమంతా పలకలు విప్పుతూనే ఉన్నారు. మేస్త్రి ప్రతి మేకునీ తట్టి, "ఉంచు" అనో "తియ్యి" అనో చెబుతున్నాడు. వకుళ మొదట్లో కొన్నిటిని తీగతో సరిచూసింది. ఆయన ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఆమెకి ఒక్కో మేకుకి పది నిమిషాలు పడుతుంటే ఆయనకి ఒక్క దెబ్బ చాలుతోంది.

"ఎలా తెలుస్తోంది మీకు?"

"పాట మారుద్దండి. మంచి మేకు దెబ్బదెబ్బకీ గొంతు పెంచుకుంటా పోద్ది. కర్రని సీల్చే మేకు రెండో దెబ్బకే గొంతు దించేస్తాది. అప్పుడే లాగేసి ఏలెడు పక్కన కొట్టాల. మూడో దెబ్బ ఏసేవంటే కర్ర పోయినట్టే." ఈ మాటలు చెబుతూ తనే ఆశ్చర్యపోయాడు. "ఇది ఎవరికీ సెప్పాల్సిన సంగతని నేననుకోలేదండి. నాకూ ఎవరూ సెప్పలేదు. మాటాడకూడదు, నవ్వకూడదు, ఇంకేం సేస్తాం? పదిమంది సుత్తుల చప్పుడూ పొద్దస్తమానం వింటా కూచునేవోళ్ళం. అలా వచ్చేసింది."

పెట్టె వచ్చాక ఆయన వంపు పని కుర్రవాళ్ళకి వదిలేసి రంపాల పాకలో కూర్చునేవాడు. అక్కణ్ణుంచి ఆయనకి వినిపించింది నవ్వులే.

ఆయన సూరిబాబుని పిలిచి, ఒక మంచి మేకునీ ఒక చెడ్డ మేకునీ చూపించి, ఒకదాని తరవాత ఒకటి తట్టాడు. మళ్ళీ తట్టాడు.

"ఇన్నావా?"

సూరిబాబు చాలా శ్రద్ధగా విన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ ముగ్గురూ పోయింది ఇందుకేనని, ఆ పలకల మీద తన సుత్తి కూడా పడిందని అతనికి అప్పటికే అర్థమైంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "ఏం వినాలి మేస్త్రి గారూ?" అని అడిగాడు.

వీరన్న విన్నాడు. మిగతావాళ్ళూ విన్నారు. రెండూ ఒకటేగా అన్నారు. వకుళ కూడా పలక మీద చెవి ఆనించింది. ఆమెకీ ఏ తేడా తెలియలేదు. తన గురువుగారి గురువులు రోగి ఎద మీద వేలు ఆనించి, ఆ వేలి మీద ఇంకో వేలితో తట్టి, లోపల నీరుందో గాలుందో చప్పుడుని బట్టి చెప్పేవారట. అది చదువులో ఒక పేరా. తీగ ఉన్నప్పుడు ఆ తట్టడమెందుకని తను ఆ పేరా దాటేసింది. ఆ రోజు తనతోపాటు ఎంతమంది దాటేశారో అనిపించి ఆమెకి భయం వేసింది.

"తీగతో నేను పగిలింది చూడగలను మేస్త్రి గారూ" అంది. "పగలబోయేది చూడలేను. ఇవన్నీ వినే యంత్రం చెయ్యమని అడుగుతాను. అయితే చేసేవాళ్ళకి ఏది మంచి చప్పుడో ముందు మీరే చెప్పాలి."

"సెబుతానండి, ఎవరైనా రండి."

"ఈలోగా వీళ్ళకి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాకు ఏడేళ్ళు పట్టిందండి."

డెబ్బయ్యారుకి ఏడు కలిపితే ఎంతో అక్కడున్న అందరికీ తెలుసు.

పెట్టె తీసుకుపోమంటారా అని అడిగింది వకుళ. అది లేకపోతే భయం మళ్ళీ వస్తుంది, భయంతో పాటు మూగ పూటా దానంతట అదే వస్తుంది.

మేస్త్రి ఆ మాటకి నొచ్చుకున్నాడు. "వద్దమ్మా. ఆ పెట్టి మా అప్పలసామికి లేకపోయింది. ఈళ్ళకుండాల. భయపెట్టి నోరు మూయించడం మా నాన్నతోనే పోయింది. నేను అడుగుతాను. ఇంటే ఇంటారు."

వకుళ ఆ సాయంత్రం వెళ్ళవలసింది, వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న యార్డు తలుపు దగ్గర టీ తెచ్చినామె చెయ్యెత్తి నిలబడింది. పదకొండుమంది చిన్నతల్లికి కొత్త పలకలు బిగిస్తున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. నూకరత్నం కూడా సముద్రం వైపు వీపు పెట్టి ఓ మూల కూర్చుని వింటోంది. సుత్తుల చప్పుడు తప్ప వేరే ఏమీ లేదు. వకుళకి ఆ చప్పుడంతా ఒక్కటిగానే ఉంది.

అప్పుడు ఎక్కడినుంచో ఒక బాతు వచ్చింది. వీరన్న విప్పి పెట్టుకున్న చద్దిమూట దగ్గరికి వెళ్ళి, గట్టు మీదున్న పెద్దమనిషిలా అటూ ఇటూ చూసి, అందులోని ఎండుచేప నోట కరుచుకుని హుందాగా నడిచి వెళ్ళిపోయింది. నోట్లో మేకులు, ఒక చేత్తో పలక, ఒక చేత్తో సుత్తి. వీరన్న అరవలేక, కదలలేక గుడ్లు తేలేశాడు. అది చూసి సూరిబాబు భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వు అతని గొంతు దాకా వచ్చేసింది. అందరూ మేస్త్రి వంక చూశారు.

మేస్త్రి మీసం కింద కూడా నవ్వు పుట్టింది. సూరిబాబు నవ్వంటే ఆయనకి ప్రాణం. అప్పలసామిదీ అచ్చం అలాంటి నవ్వే, భుజాలతో మొదలయ్యేది. ఇరవయ్యేళ్ళుగా ఆ నవ్వు వినడానికే ఆయన పొద్దున్నే యార్డుకి వస్తున్నాడు.

ఆయన చెయ్యెత్తాడు.

సూరిబాబు నవ్వు మింగేశాడు. మేకు మింగలేదు. పెదవుల మధ్యనుంచి ఒకటి తీసి, పలక మీద నిలబెట్టి, ఒక దెబ్బ వేశాడు. తల వంచి ఇంకో దెబ్బ వేశాడు. మూడో దెబ్బకి ఎత్తిన సుత్తి గాల్లోనే ఆగింది. చాలాసేపు ఆలోచించి, ఆ మేకుని లాగేసి, వేలెడు పక్కన మళ్ళీ నిలబెట్టాడు. సరిగ్గా చేశానా అన్నట్టు మేస్త్రి వైపు చూశాడు.

మేస్త్రి తల ఊపాడు.

లాగేసింది మంచి మేకే. ఆ సంగతి అక్కడ ఆయనొక్కడికే తెలుసు.